మా మేనకోడలు పైనే ఉంటోంది

ఇదిగో, కాలు మీద కాలేసుకుని చదవడానికి కూర్చున్న పెద్దమనిషీ, నిన్నే. ఇంటి తాళంచెవి జేబులో ఉందా? ఒకసారి తడిమి చూసుకో. చూసుకున్నావా? చూసుకునే ఉంటావులే. తాళం అన్న మాట చెవిన పడగానే జేబు తడుముకోని మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఈ ఒక్క కిటుకు మీదే నా కొట్టు ఇన్నేళ్ళు నడిచింది.

నేను తాళాలు బాగుచేస్తాను. పోయిన తాళంచెవులకి మారువి కోస్తాను. కింద కొట్టు, వెనక నా పడక, పైన ఒక గది. చదువంటావా, మేష్టారి కుర్చీకి జిగురు పూసిన పుణ్యాన బడే నాకు దణ్ణం పెట్టి పంపేసింది. పెళ్ళంటావా, చూడ్డానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక వేళాకోళం ఆడి బయటపడ్డాను. చివరికి వేళాకోళం మిగిలింది, పెళ్ళి పోయింది. మా అక్కా బావా కూడా పోయాక, నన్ను మావయ్యా అని పిలవడానికి ఈ భూమ్మీద మిగిలింది ఒక్కతే. మా అక్క కూతురు.

దాన్ని నేను కందిరీగ అంటాను. చిన్నప్పుడు ఒక చోట కూర్చునేది కాదు. కూర్చోబెట్టబోయినవాణ్ణి కుట్టేది. ఇప్పుడు నలభైకి దగ్గర పడింది. పెళ్ళి చేసుకోలేదు. మా వంశంలో ఆ పుణ్యం మా ఇద్దరిదే.

నువ్వు మిక్సీ కొన్నప్పుడు అట్టపెట్టె అడుగున చిన్న పుస్తకం ఒకటి వచ్చింది, గుర్తుందా? గుర్తుండదు. పెట్టెతో పాటే పారేసి ఉంటావు. ఆ పుస్తకం రాసేది మా కందిరీగే. ‘మూత గట్టిగా బిగించిన తర్వాతే మీట నొక్కండి. మిషను తిరుగుతున్నప్పుడు చెయ్యి లోపల పెట్టకండి.’ ఇదీ దాని ఉద్యోగం. ఎవరూ చదవని పుస్తకాలు రాసినందుకు మంచి జీతమే ఇస్తారు. కంపెనీ ఎక్కడో ఉంటుంది, ఇది ఇంకెక్కడో ఉంటుంది, మధ్యలో ఒక లాప్‌టాప్. ఉద్యోగానికి ఊరితో పనిలేదు. కాబట్టి ఏ ఊళ్ళో ఉండాలన్నది దాని ఇష్టం. అక్కడే వచ్చింది కష్టం.

ఒకరోజు పెట్టెతో సహా కొట్టులోకి దిగింది. నా బల్ల మీద ఇనపరజను ఊదేసి, ఆ లాప్‌టాప్ తెరిచి పెట్టుకుంది. తెరనిండా గళ్ళు, గళ్ళ నిండా అంకెలు.

“ఏంటే ఇది, గళ్ళ దుప్పటిలా?” అన్నాను.

“ఊళ్ళు మావయ్యా. ఎక్కడుంటే జీతంలో ఎంత మిగులుతుందో చూస్తున్నా.”

“పెళ్ళిసంబంధాలు చూసినట్టు చూస్తున్నావు కదే!”

“సంబంధమైతే ఒకసారి చూసుకుంటే అయిపోతుంది. ఊరిని ఏటా చూసుకోవాలి. ఏటా పన్ను మార్చేస్తారు.” వేలితో ఒక్కో గడీ చూపించింది. “ఇది సముద్రం పక్కన ఊరు. పన్ను తక్కువే, అద్దె చంపేస్తుంది. ఇది కొండ మీద ఊరు. అద్దె తక్కువ, ఇంటర్నెట్ గాలి వీస్తే ఉంటుంది, లేకపోతే లేదు. ఈ పెద్ద ఊళ్ళో అన్నీ ఉన్నాయి, కానీ జీతం చేతికి రాకముందే మూడో వంతు వాళ్ళు కొరికేస్తారు.”

“అన్నీ బానే రాసుకున్నావు. ఒంట్లో బాగోకపోతే మాత్ర తెచ్చిచ్చే మనిషి ఏ ఊళ్ళో ఉన్నాడో, ఆ గడి ఏది?”

“దానికి గడి అక్కర్లేదు. దానికి యాప్ ఉంది.”

నేను నవ్వాను గానీ అది నవ్వలేదు. లాప్‌టాప్ మూత సగం వాల్చి, “నువ్వు నవ్వుతావు గానీ మావయ్యా, పెళ్ళి చేసుకుంటే పన్ను తగ్గిస్తారు. పిల్లల్ని కంటే ఇంకా తగ్గిస్తారు. ఇల్లు కొంటే, అప్పు చేస్తే కూడా తగ్గిస్తారు. ఒక్కదాన్ని, ఎవరినీ ఏమీ అడక్కుండా గదిలో కూర్చుని పని చేసుకుంటే మాత్రం మొత్తం కట్టాలి. ఎవరూ లేనందుకు జరిమానా అన్నమాట. అందుకే ఊళ్ళు వెతుక్కుంటున్నా. వాళ్ళు నా దగ్గర కొట్టేసింది నేను ఎక్కడో ఒకచోట వెనక్కి లాక్కోవాలి కదా” అంది.

నాకు తెలిసింది తాళాలు. వాటిలో కూడా జంట తాళానికే ధర తక్కువ.

అప్పుడు, ఊరికే నోరూరుకోక, “మా ఊరు వేశావా ఆ గళ్ళలో?” అన్నాను.

మా ఊరి సంగతి నీకు చెప్పాలి. ఇది జనం కరిగిపోతున్న ఊరు. చదువు అయిపోగానే ప్రతి ఒక్కరూ పెద్ద ఊరికి పోతారు. అందుకని మా ఊరి పన్నుల ఆఫీసువాళ్ళు బస్టాండులో ఒక పెద్ద బోర్డు పెట్టారు: బయటి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి కంప్యూటర్ మీద పని చేసుకునేవాళ్ళకి జీతం మీద పన్ను సగమే అని. ఆ బోర్డు నీడలో నిలబడే జనం పెద్ద ఊరి బస్సు ఎక్కుతుంటారు.

కందిరీగ ఏదో నొక్కింది, చదివింది, మళ్ళీ చదివింది. తర్వాత నా భుజం మీద ఒక్క చరుపు చరిచింది. “సగం మావయ్యా! నిజంగానే సగం! ఏడాదిలో సగానికి పైగా ఇక్కడ ఉంటే చాలట!”

“మరి ఉండు.”

“ఉంటా!”

ఆ ‘ఉంటా’ అన్న మాట పన్ను కోసం అన్నదని నాకు తెలుసు. తెలిసినా చెవికి ఎంత బాగుందో చెప్పలేను. మర్నాడే పై గదికి సున్నం వేయించాను. కిటికీ రెక్కలకి నూనె పెట్టాను. తలుపుకి నా చేత్తో ఒక తాళం అమర్చాను. దాన్ని తీయగల దొంగ ఇంకా పుట్టలేదు, పుట్టినా నా దగ్గరే పని నేర్చుకోవాలి.

ఆ వానాకాలమంతా అది పైనే ఉంది. పొద్దున్నే నా పంచదార డబ్బాలో ఉప్పు, దాని పళ్ళపేస్టులో సున్నం. ఇల్లు ఇల్లులా ఉండేది. ఒక్కటే తంటా, నా కోత మిషను. తాళంచెవి కోస్తుంటే అది పెట్టే కేక నీకు తెలుసుగా. ఒకసారి మీటింగులో ఉండగా కంపెనీవాళ్ళు, “అక్కడ ఎవరినైనా కోస్తున్నారా?” అని అడిగారట. “ఇంకా లేదండీ, మీటింగు అయ్యాక మా మావయ్యని కోస్తాను” అందిట. ఆ రోజు నుంచి దాని మీటింగులు అయ్యేదాకా నేను మిషను ముట్టుకునేవాణ్ణి కాదు. వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి గొణుక్కునేవాళ్ళు. గొణుక్కోనీ అనుకున్నాను.

వానలు వెలిసేసరికి కందిరీగకి రెక్కలు దురదపెట్టాయి. పెట్టె సర్దుకుని కిందికి దిగింది.

“మావయ్యా, కొన్నాళ్ళు సముద్రం దగ్గర ఉండొస్తా. ఇక్కడ సాయంత్రం అయితే చాలు, ఊరు ఊరంతా పడుకున్నట్టుంటుంది. ఊపిరాడట్లేదు.”

“మరి సగం పన్ను?”

“పేరు ఇక్కడే ఉంటుంది. నువ్వు కాస్త... నేను ఉన్నట్టు ఉంచు.”

“ఉన్నట్టు ఉంచడమేంటే?”

“నువ్వే నేర్పించి నువ్వే అడుగుతావేంటి? బడి ఎగ్గొట్టినప్పుడు దుప్పటి కింద దిండు పెట్టి నాకు జ్వరమని అమ్మని నమ్మించలేదూ? దిండు చేత దగ్గించావు కూడా!”

అదీ, అక్కడ కొట్టింది దెబ్బ. నన్ను పొగడాలంటే మంచివాడంటే లాభంలేదు, మాయగాడంటే చాలు. “సరే, ఎప్పుడొస్తావు?” అన్నాను.

“వస్తా మావయ్యా. చలి తగ్గగానే.”

నాకు అది చాలు. ఒకపక్క ప్రభుత్వాన్ని బురిడీ కొట్టించే వేషం, ఇంకోపక్క చలి తగ్గితే మేనకోడలు. అంతకంటే ఏం కావాలి?

ఇక చూసుకో నా నాటకం. పొద్దున్నే పై గది కిటికీ తెరిచేవాణ్ణి. అది వదిలేసి వెళ్ళిన బట్టలు తడిపి తీగ మీద ఆరేసేవాణ్ణి. ఒక రోజు ఎర్ర చొక్కా, ఒక రోజు నీలం చొక్కా. గుమ్మం ముందు దాని చెప్పులు రోజుకొక వైపు తిప్పి పెట్టేవాణ్ణి. మధ్యాహ్నం మెట్ల దగ్గర నిలబడి, “తిన్నావా అమ్మడూ?” అని వీధంతా వినపడేలా అరిచేవాణ్ణి. కొంచెం ఆగి, “తర్వాతంటే ఎలాగే, చల్లారిపోతుంది!” అనేవాణ్ణి. సాయంత్రం లైటు, ఫ్యాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుక్కి పేరు పెట్టేసినట్టు, మనిషి లేదు గానీ మనిషి తిండికి కేకలు మాత్రం ఉన్నాయి.

మా ఎదురింట్లో ఒక టైలరమ్మ ఉంటుంది. ఆవిడ కుట్టేది బట్టలు, చూసేది వీధి. సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళజోడు కావాలి గానీ మా ఇంటి మేడ చూడ్డానికి అక్కర్లేదు.

“మీ మేనకోడలు కిందికే రావట్లేదేంటండీ?” అని అడిగింది.

“మీటింగులో ఉందండీ.”

“ఎప్పుడూ మీటింగేనా?”

“పెద్ద ఉద్యోగం కదండీ. పెద్ద ఉద్యోగాల్లో పని ఉండదు, మీటింగులే ఉంటాయి.”

ఆవిడ నమ్మినట్టే ఉంది గానీ నాకే తృప్తిగా లేదు. గొంతు ఉండాలి కదా! కందిరీగ ఫోన్ చేసినప్పుడు, “ఏదీ, నీ పుస్తకంలో నాలుగు ముక్కలు చదువు, వినాలని ఉంది” అన్నాను. పాపం, చదివింది. ఆ గొంతు ఫోన్లో రికార్డు చేసేశాను. అప్పటి నుంచి రోజూ పదకొండుకి పై కిటికీలోంచి దాని గొంతు: ‘మూత గట్టిగా బిగించిన తర్వాతే మీట నొక్కండి. మిషను తిరుగుతున్నప్పుడు చెయ్యి లోపల పెట్టకండి.’

కొన్నాళ్ళకి టైలరమ్మ మళ్ళీ ఆపింది. “మీ అమ్మాయి రోజూ అదే మాట చెబుతోందేంటండీ?”

“ఉద్యోగమంటే అదే కదండీ” అన్నాను.

ఆవిడ కాసేపు తన కుట్టుమిషను కేసి చూసుకుని, “నిజమేలెండి” అంది.

ఇంతవరకూ నవ్వుకుంటూ విన్నావు కదా. ఇంకాస్త విను. మొదట్లో సాయంత్రం పైకెళ్ళి లైటు వేసి దిగిపోయేవాణ్ణి. తర్వాత, మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా కుర్చీలో కూర్చునేవాణ్ణి. తర్వాత ఆయాసం లేకపోయినా కూర్చునేవాణ్ణి. ఒకరోజు చూసుకుంటే, తలుపు కొట్టి లోపలికి వెళ్తున్నాను. నవ్వొచ్చింది. మర్నాడూ కొట్టాను. దాని గొంతు పదకొండుకి పెట్టేది వీధి కోసం. మరి వీధి కిటికీ మూసేశాక ఇంకోసారి పెట్టేది ఎవరి కోసమో నన్నడక్కు.

కందిరీగ మొదట్లో రోజూ ఫోన్ చేసేది. “లైటు వేస్తున్నావా మావయ్యా? బట్టలు మారుస్తున్నావా?” అని అడిగేది. నేను టైలరమ్మ కబుర్లు చెబితే పడీ పడీ నవ్వేది. తర్వాత వారానికోసారి. తర్వాత, “మీటింగులో ఉన్నా మావయ్యా, మళ్ళీ చేస్తా” అని చిన్న మెసేజి. వీధికి నేను చెప్పిన సాకే తిరిగి నాకొచ్చింది. చలి వచ్చింది. చలి తగ్గింది. తీగ మీది ఎర్ర చొక్కా ఎండకి వెలిసి గులాబీ రంగుకి దిగింది. ఈసారి చలి కాస్త ఎక్కువ రోజులుంటుందిలే అని నాకు నేనే చెప్పుకుని, గదిలోకి మందపాటి దుప్పటి ఒకటి కొన్నాను.

ఎండలు ముదిరాక ఒకరోజు కొట్టుకి ఒక మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బ్యాగు. తాళంచెవి పోగొట్టుకున్నవాడిలా లేడు, చేతులు జేబులకేసి పోవట్లేదు.

“పన్నుల ఆఫీసు నుంచి వచ్చానండీ” అన్నాడు.

వచ్చాడు రా మొనగాడు, అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఎవరి కోసం వేషం కట్టానో ఆయనే టిక్కెట్టు కొనుక్కుని వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. “రండి రండి, టీ తాగుతారా?” అన్నాను.

“వద్దండీ. ఒక్క చిన్న సంగతి. ఈ ఇంట్లో మీరొక్కరే ఉంటున్నారని మా దగ్గర ఉంది. వీధిలో మాత్రం పైన ఇంకొకరు ఉంటున్నారని చెబుతున్నారు. ఏది నిజమో తెలుసుకుందామని...”

చూశావా ఎలా వల వేస్తున్నాడో! ‘పైన ఎవరూ లేరు’ అని నా నోటితో చెప్పించి కందిరీగ మెడ పట్టుకుందామని. నేనా పడేది?

“మీ దగ్గర ఏముందో నాకు తెలీదు గానీ, పైన మా మేనకోడలు ఉంటోందండీ” అన్నాను.

“ఎప్పట్నుంచి?”

“పోయిన వానాకాలం నుంచి. కదిలితే ఒట్టు.”

“ఒకసారి పలకరించవచ్చా?”

“స్నానం చేస్తోందేమో, ఉండండి చూసొస్తాను.” రెండేసి మెట్లు ఎక్కాను. కుళాయి విప్పాను. బ్రష్షు తడిపాను. మంచం మీద దుప్పటి నలిపాను. కిందికొచ్చి, “స్నానమేనండీ. ఆడపిల్లల స్నానమంటే తెలుసుగా, మీరు వచ్చే ఏడాది రండి” అన్నాను.

ఆయన నవ్వలేదు. పైకి వచ్చి గది చూశాడు. నీళ్ళ చప్పుడు విన్నాడు. తడి బ్రష్షు చూశాడు. మంచిమనిషి, బాత్రూము తలుపు దాకా పోలేదు. కిందికి దిగాక ఎదురింటికేసి తిరిగి, “పైన అమ్మాయి ఉంటోందాండీ?” అని అడిగాడు.

టైలరమ్మ దారం కొరికి, “ఎందుకుండదండీ! రోజూ పదకొండింటికి గొంతు వినపడుతుంది. మూతలు బిగించమంటుంది” అంది.

లోపల్లోపల నా గుండె డప్పు కొట్టింది. ఇంత బాగా పండిన వేషం నా జన్మలో లేదు. ఆఫీసరు బ్యాగు తెరిచి, పెన్ను తీశాడు.

“మంచిదండీ, తేలిపోయింది. అయితే ఇంట్లో ఇద్దరున్నారు. మరి మీరు ఒంటరిగా ఉంటున్నానని చెప్పి ఇంటిపన్నులో, నీళ్ళపన్నులో తగ్గింపు తీసుకుంటున్నారు కదా?”

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయనే నిదానంగా చెప్పాడు. మా ఊళ్ళో ఇంట్లో ఒక్క మనిషే ఉంటే ఇంటిపన్ను కొంత తగ్గిస్తారు. మా అమ్మ పోయిన ఏడు ఎవరో సంతకం పెట్టమంటే పెట్టాను, అప్పుడే మర్చిపోయాను. ఒంటిగాళ్ళకి ప్రభుత్వం చేసే ఆ ఒక్క మర్యాద ఇన్నేళ్ళుగా నాకు దక్కుతోందని నాకే తెలీదు. ఆయన వచ్చింది కందిరీగ కోసం కాదు. నా కోసం.

“వానాకాలం నుంచి ఇద్దరున్నారని మీరే చెప్పారు. అప్పటి నుంచి తగ్గించింది వెనక్కి కట్టాలి, దాచినందుకు జరిమానా కూడా ఉంటుంది” అన్నాడు. నా మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. “పోనీ, ఏమైనా పొరపాటుందా? పైన నిజంగా ఎవరూ లేకపోతే ఇప్పుడే చెప్పేయండి. నేను వచ్చిన దారినే పోతాను.”

ఒక్క మాట చాలు. ‘అబ్బే, ఎవరూ లేరండీ, లైటు వేసేదీ నేనే, చొక్కాలు ఆరేసేదీ నేనే’ అంటే సరి. ఒక వెర్రివాడిని చూసినట్టు చూసి పోయేవాడు. పైన కుళాయి ఇంకా పారుతోంది. ఆ చప్పుడు వింటుంటే నిజంగానే ఎవరో తల రుద్దుకుంటున్నట్టుంది. చెబితే కందిరీగకి సగం పన్ను పోతుంది. అదొక్కటే కారణమని నీతో అబద్ధమెందుకు, ఇంకోటి కూడా ఉంది. పైన ఎవరూ లేరు అన్న మాట అప్పటిదాకా నేను బయటికి ఒక్కసారి కూడా అనలేదు.

“పొరపాటేం లేదండీ. ఇద్దరమే ఉంటున్నాం” అన్నాను.

చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. కొత్త కోత మిషను కోసం దాచుకున్నది జరిమానాకి పోతుంది. పోతే పోయింది. నువ్వు నవ్వితే నవ్వు గానీ, ఆ మనిషి వెళ్ళాక కూడా నాకు బాధ లేదు. మా ఇంట్లో ఇద్దరున్నారని ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. అది చిన్న విషయమా?

కుళాయి కట్టేసి వచ్చి కందిరీగకి ఫోన్ చేశాను. ఎత్తేదాకా చేశాను.

“నీ మావయ్య ఇవ్వాళ ప్రభుత్వాన్నే బుట్టలో పెట్టాడే!” అని మొదలుపెట్టాను. ఆఫీసరు, కుళాయి, తడి బ్రష్షు, టైలరమ్మ సాక్ష్యం, మొత్తం అభినయించి చెప్పాను. కిలకిలా నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్ళయిందో. సంతకం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది.

“సంతకం ఎందుకు పెట్టావు మావయ్యా?”

“పెట్టకపోతే నీ సగం పన్ను పోదూ?”

“మావయ్యా... నా పేరు అక్కడ లేదు. చలికాలంలోనే తీయించేశా. ఇంకో ఊళ్ళో కొన్నేళ్ళదాకా అసలు పన్నే లేదంటే అక్కడికి మార్చుకున్నా” అంది.

“చలికాలంలోనా?”

“చెప్పాననే అనుకున్నా. చెప్పాలనుకున్నా. నువ్వేమో ఫోన్ చేసినప్పుడల్లా ఆ చొక్కాలూ చెప్పులూ అంటూ అంత సరదాగా ఉండేవాడివి. పోనీలే, ఆడుకుంటున్నాడు కదా, మధ్యలో ఎందుకు ఆపడం అని... జరిమానా నేను పంపిస్తాలే.”

“జరిమానా కాదే.”

“మరేంటి?”

“చలి తగ్గగానే వస్తానన్నావు.”

అనకూడదనుకుంటూనే అనేశాను. అటు పక్క సముద్రం చప్పుడు వినిపిస్తోంది. కందిరీగ గొంతు చిన్నదైపోయింది. “అది ఆట అని నీకు తెలుసు కదా మావయ్యా. ఆడించేది నువ్వే. నువ్వే నమ్మితే ఎలా?”

నిజమే కదా. దాని తప్పేముంది? నేను దగ్గి, గొంతు సర్దుకుని, నా జీవితంలోకెల్లా పెద్ద నవ్వు ఒకటి నవ్వాను. “పడ్డావా! పడ్డావా! ఏడుస్తావో లేదో చూద్దామని అన్నానే, మొద్దూ! నేనెందుకు నమ్ముతాను?”

“అబ్బ, ఎంత భయపెట్టావు మావయ్యా! నిజంగానే అంటున్నావనుకున్నా!” అని హాయిగా ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్నది నాకు స్పష్టంగా వినపడింది.

“సరే గానీ, ఇప్పుడు ఆ కొత్త ఊళ్ళో ఉన్నావా?”

“లేదు, ఇక్కడే, సముద్రం దగ్గరే. అక్కడ పేరు మాత్రమే. ఆ పేరు కోసమే అక్కడ ఒక రిటైరైన టీచరమ్మ ఇంట్లో గది తీసుకున్నా. ఆవిడొక్కతే ఉంటుంది. ఎంత మంచావిడో, అద్దె కూడా సగమే చాలంది.”

“అయితే ఇప్పుడు నా వేషం ఆవిడ కడుతోందన్నమాట. ఆట బాగా ఆడుతోందా?”

“ఆట అని ఆవిడకి తెలీదు మావయ్యా. వచ్చేస్తానని చెప్పా. పాపం, నిజంగానే వస్తాననుకుని కొత్త పరుపు కుట్టించిందట. ఎంత అమాయకురాలో! నీలాంటివాడైతే మొదటిరోజే కనిపెట్టేసేవాడు.”